స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’మంటోంది... ర్యాక్ మార్చాల్సిందేనా?

ప్రశ్న: మాది 2015 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. 82 వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్నాళ్లుగా గేటులోంచి రివర్స్ తీస్తూ స్టీరింగ్ బాగా తిప్పినప్పుడు ముందువైపు ‘టంగ్’మని శబ్దం వస్తోంది. రోడ్డెక్కి తిన్నగా వెళ్తుంటే ఏమీ ఉండదు. మలుపు తిరిగాక స్టీరింగ్ ఇదివరకటిలా తనంతట తాను వెనక్కి రావడం లేదు, చేత్తో తిప్పుకోవాల్సి వస్తోంది. షెడ్డులో చూపిస్తే ర్యాక్ పోయింది, మొత్తం మార్చాలన్నారు. ఖర్చు వింటేనే టెన్షన్‌గా ఉంది. రోజూ పిల్లల్ని బడికి ఇందులోనే దింపుతాను. నడపొచ్చా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ర్యాక్‌కు, అంటే స్టీరింగ్ తిప్పుడును ముందు చక్రాలకు అందించే పళ్ల కడ్డీ భాగానికి, ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకండమ్మా. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే నాకు అనుమానం ర్యాక్ మీద లేదు. ముందు షాకబ్జర్ల నెత్తిన ఉండే స్ట్రట్ బేరింగ్ మీద ఉంది.

స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రంతో పాటు స్ట్రట్ (షాకబ్జర్ ఉండే నిలువు గొట్టం), దాని చుట్టూ ఉన్న స్ప్రింగు కూడా తిరుగుతాయి. పైన మౌంటింగ్ మాత్రం బాడీకి బోల్టులతో బిగించి కదలకుండా ఉంటుంది. ఈ రెండింటి మధ్యా ఉండేదే ఆ బేరింగ్. అందులోకి వాన నీళ్లు, దుమ్ము చేరి పట్టేసిందంటే, స్ప్రింగు తేలిగ్గా తిరగలేక మెలిపడుతుంది. కాసేపు ఆగి, ఒక్కసారిగా జారి విడుస్తుంది. మీకు వినిపిస్తున్న ‘టంగ్’ అదే అయి ఉంటుంది. స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికీ ఆ పట్టే కారణం కావచ్చు.

ర్యాక్ బుష్ (ర్యాక్ కడ్డీని అదరకుండా పట్టి ఉంచే తొడుగు) అరిగితే శబ్దం వేరేలా ఉంటుంది. గతుకుల మీద తిన్నగా వెళ్తున్నప్పుడే కటకటలాడుతుంది, ఆ అదురు స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది. సీవీ జాయింట్ (ఇంజన్ శక్తిని ముందు చక్రానికి అందించే ఇరుసు కీలు) అయితే చక్రం పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ నొక్కినప్పుడు టక్ టక్ టక్ అంటూ వేగంతో పాటు పెరుగుతుంది. చక్రం లోపలి వైపు రబ్బరు బూట్ చిరిగి, గ్రీజు చిమ్మి ఉంటుంది కూడా. మీరు చెప్పినవాటిలో ఈ రెండూ లేవు.

ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. చదునైన చోట బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఇంట్లో ఎవరినైనా స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పమనండి. మీరు చక్రం పక్కన కూర్చుని స్ప్రింగు బయటివైపు అరచెయ్యి ఆనించండి. చుట్ల మధ్య వేళ్లు మాత్రం పెట్టవద్దు. శబ్దం వచ్చిన క్షణంలోనే స్ప్రింగు చేతి కింద ఎగిరిపడితే దోషి దొరికినట్టే. రెండోవైపు కూడా అలాగే చూడండి. పనిలో పనిగా టార్చి వేసి స్ప్రింగు కింది కొస చూడండి. అది విరిగినా ఇంచుమించు ఇదే శబ్దం వస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డుకు ఇలాంటి బండే ఒకటి వచ్చింది. వేరేచోట ర్యాక్ కొత్తది వేయించుకున్నారు, శబ్దం మాత్రం పోలేదు. స్ట్రట్ దించి బేరింగ్ చేతిలోకి తీసుకుంటే, గ్రీజు ఎర్రమట్టిలా ఎండిపోయి ఉంది. వేళ్లతో తిప్పితే ఇసుక నలిగినట్టు గరగరలాడి, ఒకచోట పూర్తిగా ఆగిపోయింది. ఆ కుటుంబం పెట్టిన డబ్బు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. శబ్దం ఎక్కడ పుడుతోందో చెయ్యిపెట్టి చూడకుండా పార్టు మార్చమనడం అన్యాయం. ర్యాక్ అన్నవారిని, అందులో ప్లే, అంటే లూజు, ఎక్కడుందో బండి లిఫ్ట్ ఎక్కించి చూపించమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

బేరింగే అని తేలితే రెండువైపులా ఒకేసారి మార్పించండి. మౌంటింగ్ రబ్బరు చిట్లి ఉంటే అదీ మార్చాలి. స్ప్రింగు కంప్రెసర్ లేని షెడ్డులో ఈ పని చేయించవద్దు. స్ప్రింగు నొక్కిపట్టకుండా పై నట్టు విప్పితే అది ఎగిరి తన్నే దెబ్బకు ప్రాణాలే పోవచ్చు. తిరిగి బిగించేటప్పుడు స్ప్రింగు కొస దాని గాడిలో సరిగ్గా కూర్చోవాలి. బానెట్ కింద మౌంటింగ్ మీద ఉండే ప్లాస్టిక్ మూత చాలా బండ్లలో ఎవరో తీసి మళ్లీ పెట్టరు. మీ బండిలో ఉందో లేదో చూసుకోండి, నీళ్లు దిగేది అక్కడి నుంచే. చివర్లో వీల్ అలైన్‌మెంట్ చేయించండి.

ఇక నడపొచ్చా అన్నారు. బేరింగ్ ఒక్కటే అయితే రిపేరుకు తేదీ దొరికేదాకా నెమ్మదిగా ఊళ్లో నడుపుకోవచ్చు. ఆ మాట అనుకునే ముందు షెడ్డులో ఒక పరీక్ష చేయించండి. ముందు చక్రం జాకీతో లేపి స్టాండు పెట్టి, చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపితే లూజు తెలిస్తే టై రాడ్ ఎండ్‌నో ర్యాక్ ఎండ్‌నో (ర్యాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ రెండు కొసల్లోని కీళ్లు) అనుమానించాలి. పైన కింద పట్టుకుని ఊపినప్పుడు లూజు ఉంటే బాల్ జాయింటో (చక్రాన్ని కింది ఆర్మ్‌కు కలిపే కీలు), వీల్ బేరింగో అయి ఉంటుంది. వీటిలో ఏది తేలినా బండి అక్కడే వదిలేసి ఆటోలో ఇంటికి వెళ్లండి. టై రాడ్ ఎండ్ ఊడితే ఆ చక్రం స్టీరింగ్ మాట వినదు.

ప్రశ్న: మా పాత డీజిల్ జీపుకు హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్. పొద్దున్నే తిప్పితే ‘గుయ్’మని మూలుగుతోంది. పంపు మార్చాలా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: ముందు ఆయిల్ డబ్బా మూత తీసి చూడండి. మట్టం తగ్గి ఉంటే, లేదా ఆయిల్ పాల నురగలా తెల్లబడి ఉంటే పంపు గాలి పీలుస్తోంది. ఆయిల్ పోసి ఊరుకోకుండా లీకు ఎక్కడో వెతికించండి. హోస్ క్లిప్పులు, ర్యాక్ చివరి రబ్బరు బూట్లు తడిగా ఉన్నాయేమో చూడాలి. మూత మీద ఏ ఆయిల్ అని రాసి ఉందో అదే పోయాలి, బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు పాడవుతాయి. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు మాత్రమే బుస్సుమంటే అది మామూలే, కాకపోతే ఆ చివర ఎక్కువసేపు పట్టి ఉంచవద్దు. కీచుమని అరిస్తే బెల్టు బిగువు చూడండి. ఇవన్నీ సరిగా ఉండి కూడా మూలుగు తగ్గకపోతే అప్పుడు పంపు విప్పమనండి.