నాలుగుసార్లూ 20

చిట్టీ,

మొన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "నీ మేనకోడలు నర్సింగే చదువుతానంటోంది, నువ్వైనా చెప్పక్కా" అన్నాడు. నర్సునైన నేనే వద్దని చెప్పాలని వాడి ఉద్దేశం. నేను ఫోన్ పెట్టేసి ఒక్కదాన్నే నవ్వుకున్నా. ఆ తర్వాత తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. నవ్వు ఎందుకో నీకు తెలుసు. నిద్ర ఎందుకు పట్టలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు మామూలు సంగతులు. హెపటైటిస్ బి టీకా ఇప్పుడే మొదలుపెట్టు, మూడో డోసు పడేసరికి ఆరు నెలలవుతుంది. గోళ్లు పెంచకు. షూ దగ్గర పీనాసితనం వద్దు. సర్టిఫికెట్ల సంగతి మీ నాన్న చూసుకుంటాడు.

ఇక కాలేజీ. రెండు చోట్ల సీటు వచ్చిందట, ల్యాబ్ బాగుందని రెండోది నచ్చిందట. ఊపిరి తీసే బొమ్మ, దగ్గే బొమ్మ, బీపీ పడిపోయే బొమ్మ ఉన్నాయని మురిసిపోయావట. ఆ బొమ్మల్ని నేనేమీ తక్కువ చెయ్యను. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2014లో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు బయటపెట్టింది. వార్డులో గడపాల్సిన గంటల్లో సగం దాకా ఇలాంటి ల్యాబుల్లో గడిపినా పిల్లలు చదువులో వెనకబడలేదని తేలింది. అయితే అక్కడ టీచర్లకు దానికోసం విడిగా ట్రైనింగ్ ఇచ్చారు. బొమ్మ దగ్గర పని అవగానే పిల్లల్ని కూర్చోబెట్టి, "అప్పుడు ఏమనుకున్నావు, ఎందుకలా చేశావు" అని మాట్లాడించారు. అలా అడిగే మనిషి లేకపోతే ఎంత ఖరీదైన బొమ్మయినా బొమ్మే.

అందుకని ల్యాబ్ చూసి మోసపోకు. ప్రిన్సిపాల్‌ని కూడా అడగకు, ఆవిడ చెప్పాల్సిందే చెబుతుంది. ఆఖరి సంవత్సరం పిల్లల్ని పట్టుకో. వార్డులో మీ పక్కన టీచర్ నిలబడుతుందా, సంతకం పెట్టి వెళ్లిపోతుందా? ఒక్కో టీచర్ వెనక ఎంతమంది పిల్లలు? కేస్ స్టడీ మీరే రాస్తారా, సీనియర్ల ఫైలు చూసి ఎక్కిస్తారా? అన్నిటికంటే ముఖ్యంగా, "ఈ పేషెంటుకి లోపల ఏం జరుగుతోందని నీకనిపిస్తోంది?" అని ఈ నెలలో మిమ్మల్ని ఎవరైనా అడిగారా? ఈ ఆఖరి ప్రశ్నకి వాళ్లు మొహమొహాలు చూసుకుంటే ఆ కాలేజీ మనకొద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటావా? నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. దాని ఖరీదు వేరే మనిషి కట్టింది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఇది. నాకు ఉద్యోగం వచ్చి అప్పటికి అయిదు నెలలు. సర్జికల్ వార్డు, నైట్ డ్యూటీ. ముప్పై మంది పేషెంట్లకి నేనొక్కదాన్నే. ఆరో బెడ్ మీద నలభై ఏళ్ల ఆవిడ, ఆ మధ్యాహ్నమే గర్భసంచి తీసేశారు. పది గంటలకి బీపీ 120/80, పల్స్ 88. పన్నెండింటికి 118/84, పల్స్ 98. రెండింటికి 114/90, పల్స్ 112. నాలుగింటికి 110/92, పల్స్ 124. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో రాసే గడిలో నాలుగుసార్లూ 20 అని రాశా. ఈ అంకెలు నాకు గుర్తుండటం కాదు, ఆ చార్టు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. నీకు కూడా చేతిరాత బాగుంటుందని అందరూ మెచ్చుకుంటారు చూడు, అది విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది.

ఆవిడ పన్నెండు దాటినప్పటి నుంచే దుప్పటి లాగేస్తోంది. లేచి కూర్చుంటానంటుంది, మళ్లీ పడుకుంటుంది. నాలుక పిడచగడుతోంది, నీళ్లు కావాలంటుంది. "ఏదో తేడాగా ఉంది సిస్టర్" అంది. "మొదటి రాత్రి అందరికీ అలాగే ఉంటుందమ్మా, కళ్లు మూసుకో" అన్నాను. డ్రెస్సింగ్ చూశా, పొడిగా ఉంది. బీపీ వందకి పైనే ఉంది. యూరిన్ బ్యాగ్ కూడా చూశా. పన్నెండింటికి ఏ గీత దగ్గర ఉందో నాలుగింటికీ అక్కడే ఉంది. చూశా అంతే, దాని గురించి ఏమీ అనుకోలేదు. నాలుగున్నరకి ఆవిడ అక్క నా టేబుల్ దగ్గరికొచ్చి, "మా చెల్లెలు ఇలా గొడవ చేసే మనిషి కాదమ్మా" అంది. నేను చార్టు చూపించి, "అన్నీ నార్మల్‌గానే ఉన్నాయి" అన్నాను.

డ్యూటీ డాక్టర్‌ని లేపొచ్చు. ఆ వారమే ఒకసారి లేపితే, "దీనికోసమా?" అని విసుక్కున్నాడు. మళ్లీ ఆ మాట పడటానికి మనసొప్పలేదు. నిజం చెబుతున్నా, నన్ను ఆపింది అదొక్కటే.

అయిదుంపావుకి చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది. బీపీ 70. ఆ తర్వాత పరుగులు. మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి తెరిస్తే ఒక రక్తనాళానికి కట్టిన ముడి జారిపోయి ఉంది. కడుపులో రెండు లీటర్ల దాకా రక్తం. బయట డ్రెస్సింగ్ మాత్రం పొడిగానే ఉంది. ఆవిడ బతికింది. పదకొండు రోజులు ఐసీయూలో ఉండి బతికింది.

మర్నాడు ఇన్‌చార్జి సిస్టర్ నన్ను లోపలికి పిలిచింది. అరుస్తుందనుకున్నా. చార్టు తిప్పి నా వైపు పెట్టి, "ఈ 20 ఎక్కడిది?" అంది. "లెక్కపెట్టాను సిస్టర్" అన్నాను. అబద్ధం. నాకు ముందు రాసిన సిస్టర్ 20 అని రాసింది, అంతకు ముందు సిస్టరూ అంతే. వార్డంతా అందరూ 20 చొప్పునే ఊపిరి తీసేవాళ్లు. ఆవిడ తన వాచీ తీసి టేబుల్ మీద పెట్టి, "సరే, నాది లెక్కపెట్టు, నిమిషం పాటు" అని చేతులు కట్టుకుని కూర్చుంది. ఇక్కడ సిగ్గుపడాల్సిన సంగతి విను చిట్టీ. లోపలికి పీల్చడం, బయటికి వదలడం, రెండూ కలిపి ఒకటా, వేర్వేరుగా రెండా? నాకు తెలియలేదు. మూడేళ్ల చదువు, పుస్తకంలో నిర్వచనం బట్టీ కొట్టి మంచి మార్కులు తెచ్చుకున్నా. కానీ ఒక మనిషి ముందు కూర్చోబెట్టి నిమిషం పూర్తిగా లెక్కపెట్టించిన వాళ్లు లేరు. దుప్పటి మూలలు మడవడానికి మాత్రం స్కేలు పెట్టి కొలిచారు.

కలిపి ఒకటే. అది ఇప్పుడే నేర్చుకో.

చాలా ఏళ్ల తర్వాత బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ల న్యూస్2 స్కోరు వచ్చింది, 2017లో. పేషెంటు దిగజారుతుంటే ముందే పసిగట్టడానికి అది. ఊపిరి, పల్స్, బీపీ లాంటి వాటికి తలా కొన్ని పాయింట్లు వేస్తారు. మొత్తం 5 అయితే అర్జెంటుగా డాక్టర్ వచ్చి చూడాలి, 7 అయితే ఎమర్జెన్సీ. అది నేర్పిన రోజు ఇంటికొచ్చి ఆరో బెడ్‌కి లెక్క వేశాను. రాత్రి రెండింటికి పల్స్ 112, అంటే 2 పాయింట్లు. బీపీ 114కి సున్నా. నేను రాసిన 20కి సున్నా. మొత్తం 2, ఎవరినీ లేపక్కర్లేదు. అప్పుడు ఆవిడ ఊపిరి నిజంగా ఎంతుందో ఇక ఎవరికీ తెలియదు. 25 దాటి ఉంటే దానికే 3. మొత్తం 5. ముడి జారినందుకు నా పూచీ లేదు, ఆ మూడు గంటలకి మాత్రం ఉంది. స్కోరు, కంప్యూటర్, రేపు నువ్వు చూడబోయే ఇంకేదైనా సరే, గడిలో నువ్వు రాసిన అంకెనే నమ్ముతుంది.

వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్‌ని చూసి ఊపిరి లెక్క మానెయ్యకు. మనిషి నిమిషానికి 28 సార్లు ఎగపోస్తూ కూడా అందులో 98 చూపించగలడు. ఆ 98 కోసం లోపల ఎంత అవస్థ పడుతున్నాడో మిషన్ చెప్పదు. బీపీని కూడా అంతగా నమ్మకు. రక్తం పోతుంటే ముందు పల్స్ పెరుగుతుంది, బీపీలో పై అంకె, కింది అంకె దగ్గరవుతాయి, మూత్రం తగ్గుతుంది, మనిషి స్థిమితంగా ఉండలేడు. పై అంకె పడిపోవడం బాగా ఆలస్యంగా జరుగుతుంది. నా చార్టు మళ్లీ చూడు: 120/80, 118/84, 114/90, 110/92. మధ్యలో ఖాళీ 40 నుంచి 18కి వచ్చింది. విడివిడిగా చూస్తే అన్నీ పర్వాలేదు. వరసగా చదివితే కదా కథ తెలిసేది!

క్రిస్టీన్ టానర్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ 2006లో క్లినికల్ జడ్జ్‌మెంట్‌ని, అంటే పేషెంటుని చూసి నర్సు ఒక నిర్ణయానికి రావడాన్ని, నాలుగు ముక్కల్లో చెప్పింది: గమనించడం, దాని అర్థం పట్టుకోవడం, స్పందించడం, తర్వాత వెనక్కి తిరిగి చూసుకోవడం. ఆ రాత్రి నా కళ్లు దుప్పటినీ చూశాయి, బ్యాగునీ చూశాయి. రెండో మెట్టు దగ్గరే ఆగిపోయా. అర్థం చెప్పుకోవడం డాక్టర్ పని అని మాకు నేర్పారు మరి.

అనుభవంతో అదే వస్తుందిలే అంటాడు మీ నాన్న. రాదు. ఇరవై ఏళ్లుగా 20 అనే రాస్తున్న వాళ్లతో నేను డ్యూటీ చేశా. నర్సింగ్ మీద పరిశోధన చేసే లిండా ఐకెన్ బృందం తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రులు పరిశీలించి 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది. డిగ్రీ చదివిన నర్సులు 10 శాతం ఎక్కువున్న చోట ఆపరేషన్ పేషెంట్లు ఆసుపత్రిలో చేరిన నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం తక్కువ. ఒక్కో నర్సు మీద ఒక్క పేషెంటు పెరిగితే అదే 7 శాతం ఎక్కువ. ఈ రెండో ముక్క చదివి ఆ ముప్పై బెడ్లు తలుచుకున్నా. కానీ దాన్ని నాకు సాకుగా వాడుకోబుద్ధి కాలేదు.

అర్ధరాత్రి డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలంటే గొంతు వణుకుతుంది. అందుకే ముందే కాగితం మీద రాసుకో. "6వ బెడ్, మధ్యాహ్నం ఆపరేషన్ అయింది. పల్స్ 88 నుంచి 112కి వచ్చింది, ఊపిరి 26, రెండు గంటలుగా యూరిన్ లేదు. లోపల బ్లీడింగ్ అవుతోందని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి." దీన్ని ఎస్‌బార్ అని నేర్పుతారు (పరిస్థితి, నేపథ్యం, నీ అంచనా, ఏం చెయ్యాలి, ఈ వరసలో చెప్పడం), అమెరికా నేవీ సబ్‌మెరైన్ల నుంచి ఆసుపత్రులకి వచ్చిన పద్ధతి. కొత్తపిల్లలు అంకెలన్నీ అప్పజెప్పి "నా అనుమానం" దగ్గర నోరు మూసేస్తారు. నువ్వు మూయకు. తప్పయితే తిడతాడు, పడు. నేను ఒక్క తిట్టుకి భయపడ్డాను కాబట్టి చెబుతున్నా.

పేషెంటు "తేడాగా ఉంది" అంటే కుర్చీ లాక్కుని కూర్చో. వాళ్ల మనిషి "ఇలా ఉండే మనిషి కాదు" అంటే ఇంకా గట్టిగా కూర్చో. చేతిలో పని ఉంటుంది, ఉండనీ.

ఇంత భయపెట్టానని వెనకడుగు వెయ్యకు తల్లీ. చిన్నప్పుడు నా యూనిఫాం వేసుకుని కుక్కపిల్ల గుండె వినడానికి గంటసేపు నేల మీద పడుకున్నావు, గుర్తుందా? అది వినిపించేదాకా లేవలేదు. నాకు నీ మీద నమ్మకం అక్కడ మొదలైంది, మార్కుల దగ్గర కాదు.

కాలేజీ తెరిచేలోపు ఒక పని చెయ్యి. రేపు మధ్యాహ్నం మీ నాన్న కునుకు తీస్తాడుగా, పక్కన కూర్చుని నిమిషం పూర్తిగా లెక్కపెట్టు. తెలిస్తే ఊపిరి మార్చేస్తారు, మనుషులంతా అంతే. మేలుకుని ఉన్నప్పుడైతే పల్స్ చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, కళ్లు ఛాతీ మీద పెట్టు. మూడు రోజులు చూసి ఎంతొచ్చిందో నాకు ఫోన్ చెయ్యి. 20 అన్నావంటే మాత్రం మళ్లీ లెక్కపెట్టమంటా.

అత్త