అతుకుల షవర్ కర్టెన్ కుట్టాలంటే ముందు వెనకవైపు సంగతి చూడండి

ప్రశ్న ఇది: "ఇంట్లో పాత దుప్పట్లు, చొక్కాలు గుట్టలుగా పేరుకుపోయాయి. వాటిని ముక్కలు కోసి, అతికి, బాత్రూమ్‌కి షవర్ కర్టెన్ కుట్టుకోవచ్చా? తడికి ఎన్నాళ్ళు ఆగుతుంది? రంగులు ఎలా కలుపుకోవాలి?"

కుట్టుకోవచ్చు. మా బాత్రూమ్‌లో వేలాడుతున్నది అదే, కుట్టింది నేనే. ఈ రెండో మాట విడిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇంటికొచ్చినవాళ్ళు దాన్ని చూడగానే మా ఆవిడ వైపు తిరిగి "భలే కుట్టారండీ" అంటారు. ఆవిడ నన్ను చూపిస్తుంది. వాళ్ళు జోక్ అనుకుని నవ్వేస్తారు. దుకాణంలో మగ దర్జీ కూర్చుంటే ఎవరికీ ఏమీ అనిపించదు. ఇంట్లో మిషన్ ముందు మగాడు కూర్చుంటే మాత్రం వింత. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

రంగుల గురించి నేనేమీ చెప్పను. మీకు నచ్చినవి పెట్టుకోండి. ఈ పని గురించి ఎవరిని అడిగినా రంగుల దగ్గరే ఆగిపోతారు: ముదురు పక్కన లేత, పూల పక్కన గీతలు అంటూ. ఫొటోలు పెడతారు, అన్నీ ముందువైపువే. ఒక్కసారి తిప్పి చూపించమనండి, చూపించరు. పోగులు పీచులాగా వేలాడుతుంటాయి కాబట్టి చూపించరు.

ఈ కర్టెన్‌తో చిక్కంతా అక్కడే. గోడకి తగిలించే గుడ్డకి వెనకవైపు ఎవరూ చూడరు. బొంతకి అడుగున ఇంకో గుడ్డ వేస్తాం, కుట్లన్నీ లోపల దాక్కుంటాయి. షవర్ కర్టెన్ ఒంటిపొరలో వేలాడుతుంది, రెండు వైపులా కనిపిస్తుంది. స్నానం చేస్తున్నంతసేపూ మీ కళ్ళ ముందు ఉండేది వెనకవైపే. తడిసేదీ అదే. కోసిన అంచులు వదిలేస్తే వాటిలో సబ్బు నురగ చేరుతుంది, ఆరదు, కొన్నాళ్ళకి వాసన మొదలవుతుంది. ఉతికిన ప్రతిసారీ కాస్త కాస్త పోగులు ఊడి చివరికి కుట్టే విడిపోతుంది.

"లోపల ప్లాస్టిక్ పొర ఇంకోటి వేసుకుంటే సరిపోతుంది కదా" అంటారు. వేసుకోండి, వద్దనను. కానీ ఆ ప్లాస్టిక్‌కి కొత్తలో వచ్చే వాసన, తడి కాలికి చల్లగా అతుక్కోవడం నాకు పడవు. గట్టి నేత కాటన్ తడిస్తే పోగులు ఉబ్బుతాయి, సందులు మూసుకుంటాయి. కాన్వాసు గుడారాలు వానకి ఆగేది ఇలాగే. మా ఇంట్లో ప్లాస్టిక్ లేకుండానే నడుస్తోంది. పలచటి చొక్కా గుడ్డతో కుడితే మాత్రం అవతలికి చిమ్ముతుంది, ముందే చెబుతున్నా.

అందుకే కుట్టు ముఖ్యం. జీన్స్ ప్యాంటు కాలి లోపలివైపు సాధారణంగా రెండు వరసల కుట్టు ఉంటుంది చూడండి, లోపలా బయటా ఎక్కడా కోసిన అంచు కనిపించదు. ఆ కుట్టే కావాలి. రెండు ముక్కల ముందువైపులు ఎదురెదురుగా పెట్టి, అర అంగుళం పైన మార్జిన్, అంటే కుట్టుకి అవతల మిగిలే గుడ్డ, వదిలి కుట్టండి. ఒక మార్జిన్‌ని సగానికి కత్తిరించండి. రెండోదాన్ని దాని మీదకి మడిచి, గుడ్డ మీద పడుకోబెట్టి, ఇస్త్రీ చేసి, మడత అంచు వెంబడి ఇంకో కుట్టు వెయ్యండి. ప్రతి అతుక్కీ రెండు కుట్లు, మధ్యలో ఇస్త్రీ. ఇస్త్రీ మానేద్దాం అనిపిస్తుంది, మానకండి.

అడ్డంగా వచ్చే అతుకుల్లో ఆ మడత ఎప్పుడూ కిందికే పడుకోవాలి, ఇంటి మీద పెంకులు పరిచినట్టు. పైకి పడుకోబెడితే అంచు కుట్టు వేసినా అక్కడ చిన్న గట్టులాంటిది తయారవుతుంది, నీళ్ళు ఆగుతాయి. అసలు అడ్డం అతుకులు ఎంత తక్కువుంటే అంత మంచిది. నన్నడిగితే చదరాలు మానేసి పొడవాటి నిలువు పట్టీలతో కుట్టండి. పట్టీల వెడల్పు ఒకేలా ఉండాలని కూడా లేదు.

చదరాలే కావాలంటే లెక్క తెలుసుకుని దిగండి. బజారులో దొరికే మామూలు షవర్ కర్టెన్ 72 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు, పైన 12 రంధ్రాలు. కుట్టాక ఆరంగుళాలుండే చదరాలైతే వరసకి 12, మొత్తం 144. ఒక్కో ముక్క కుట్టులో అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పోయిందనుకోండి. అంటే ఒక్కో అతుకు దగ్గర రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు. వరసలో 11 అతుకులుంటాయి కాబట్టి ఒకటిన్నర అంగుళానికి కాస్త తక్కువగా వరస కురచవుతుంది. పక్క వరసలో ఇంకోలా పోతుంది. రెండు వరసలూ కలపబోతే మూలలు ఒకదానికొకటి అందవు. పన్నెండు అంగుళాల చదరాలైతే 36తో అయిపోతుంది, తప్పు పోయే చోట్లు కూడా తక్కువ. ఇక కొలత మీ బాత్రూమ్‌లో రాడ్ నుంచి తీసుకోండి, అట్ట మీద రాసింది చూసి కాదు. కింద నేలకి తగలకూడదు.

మాది చదరాలదే. మా అబ్బాయి పట్టు పట్టాడు. వాడికి పొట్టయిపోయిన జీన్స్ ప్యాంటు ఒకటుంది, "నాన్నా, నా ప్యాంటు కూడా వెయ్యి" అని. మిగతావన్నీ దుప్పటి గుడ్డలు, వాటి మధ్యలో జీన్స్ ముక్క. వద్దు అనబుద్ధి కాలేదు.

అతుకు మీద అతుకు ఎక్కే చోట ఏమవుతుందో చెబుతాను. జీన్స్ కుట్టులో మడత దగ్గర గుడ్డ నాలుగు పొరలు. అలాంటి రెండు వరసల్ని మళ్ళీ అదే కుట్టుతో కలిపితే, నాలుగు ముక్కలూ కలిసే చోట నాలుగు నాలుగులు పదహారు పొరలు. పక్కపక్క వరసల్లో నిలువు మడతల్ని ఒకదాన్ని కుడికి, ఒకదాన్ని ఎడమకి పడుకోబెడితే ఇది పదికి దిగుతుంది. నేను అలాగే చేశాను. అయినా ఆ పదిలో కొన్ని జీన్స్ పొరలు.

చివరి పొడవాటి కుట్టు. రెండు సగాలు కలపాలి. కర్టెన్ మొత్తం బల్ల మీంచి జారి తన బరువుతో సూది దగ్గర గుడ్డని లాగేస్తోంది, కుట్టు చిన్నదైపోతోంది. మా ఆవిడ దాన్ని రెండు చేతుల మీదా బుజాల మీదా వేసుకుని, నేను కుడుతుంటే వెనకాలే మెల్లగా జరుగుతోంది. "ఏమండీ, ఇంకెంత?" అంటే "ఇంకో రెండు ముక్కలు" అంటున్నాను. జీన్స్ మూల వచ్చింది. మిషన్‌లో గుడ్డని నొక్కిపట్టే ఫుట్ ముందువైపు పైకి లేచింది, కొండెక్కుతున్నట్టు. మిషన్ ఒకసారి మూలిగింది. టంగ్ మని చప్పుడు. సూది ముక్క ఎటో ఎగిరిపోయింది.

బాత్రూమ్‌కి కుట్టే గుడ్డ. వట్టి కాళ్ళతో, ఒంటి మీద బట్టల్లేకుండా మనిషి ఆనుకునే గుడ్డ. అందులో సూదిమొన ఉండిపోతే? "అది దొరికేదాకా ఎవరూ కదలొద్దు" అంది మా ఆవిడ. అబ్బాయి ఫ్రిజ్ తలుపు మీదున్న అయస్కాంతం బొమ్మ పీక్కొచ్చి నేలంతా రాశాడు. రెండు గుండుసూదులు, ఒక స్టేపుల్ పిన్ను దొరికాయి, ఇది దొరకలేదు. గుడ్డని అంగుళం అంగుళం నలిపి చూశాం. చివరికి మిషన్ ప్లేటు విప్పితే కింది దారం చుట్టి ఉండే బాబిన్ పక్కన, నలకల ముద్దలో, గింజంత మెరుస్తూ కనిపించింది. విరిగిన రెండు ముక్కలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పొడవు సరిపోయిందని చూసుకున్నాకే మళ్ళీ కూర్చున్నాను.

ఆ తర్వాత 16 నంబర్ జీన్స్ సూది వేశాను. ఆ మూలని చెక్క మీద పెట్టి, పైన గుడ్డ కప్పి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే పొరలు అణిగి చదునయ్యాయి. ఫుట్ ఎత్తెక్కే చోట దాని మడమ కింద అట్టముక్క మడిచి పెడితే ఫుట్ బల్లపరుపుగా ఉంటుంది, కుట్టు ముద్దకట్టదు. మోటారు ఆపేసి చక్రాన్ని చేత్తో తిప్పాను. ఒక్కో కుట్టూ గుడ్డలోకి దిగుతుంటే చేతికి తెలుస్తుంది. ఆ మూల దాటాక మిగతాదంతా మామూలే.

గుడ్డ ఎంచుకోవడం గురించి ఒక మాట, ఇది ఎవరూ చెప్పరు. తడిస్తే కాటన్‌కి బలం పెరుగుతుంది. రేయాన్‌కి బాగా తగ్గిపోతుంది. పాత బట్టల కుప్పలో రెండూ మెత్తగానే ఉంటాయి, కాల్చి చూసినా రెండూ కాగితం కాలినట్టే కాలతాయి. ఒక పోగు లాగి, మధ్యలో తడిచేసి, రెండు చివరలూ పట్టుకుని లాగండి. తడిచేసిన చోటే పుటుక్కున తెగితే రేయాన్ అనుకుని పక్కన పెట్టండి. చొక్కాలైతే వీపు ముక్క తీసుకోండి, మోచేతుల దగ్గరా కాలర్ దగ్గరా అరిగిపోయి ఉంటుంది. లైటుకి ఎదురుగా పెడితే అరిగిన చోటు ఇట్టే తెలుస్తుంది. ముక్కలన్నీ నిలువు పోగు వెంబడే కొయ్యండి. ఐమూలగా కోసిన ముక్క తడిసిన బరువుకి సాగి కింద పొట్టలా వేలాడుతుంది. పాత బట్టల్లో ఒక సుఖం ఏమిటంటే కుంచించుకునేవి ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటాయి. మధ్యలో కొత్త గుడ్డ కలిపితే మాత్రం ముందు వేడినీళ్ళలో తడిపి ఆరబెట్టాలి. దారం పాలిస్టరే. కాటన్ దారం నిత్యం తడిలో ఉంటే బూజుకి త్వరగా చివికిపోతుంది.

ఇక గుడ్డ కత్తెరతో కాగితాలు, ప్యాకెట్లు కోసేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. కత్తెర దాచుకోండి. ఇంతకంటే చెప్పను, మా ఆవిడ చదువుతుంది.

పై అంచు బిగువుగా ఉండటానికి బక్రం, అంటే కాలర్‌లో వేసే గట్టి గుడ్డ, వెయ్యమంటారు. వద్దు, నాలుగు ఉతుకులకి దాని బిగువు పోయి మెత్తబడుతుంది. దుప్పటి అంచు పట్టీనే రెండు మడతలు పెట్టి కుడితే చాలు. రింగులకి లోహపు ఐలెట్లు కొట్టేకంటే కాజాలు తీయడం మేలని నా అభిప్రాయం. ఐలెట్ కోసం గుడ్డకి రంధ్రం చేస్తాం, బరువు పడితే గుడ్డ దాని చుట్టూ చిరుగుతుంది. కాజా అంచు మొత్తం దారంతో కట్టి ఉంటుంది. మొదటిదీ చివరిదీ అంచుకి అంగుళం లోపల పెట్టి, మధ్యలో మిగతా పదీ సమాన దూరంలో పెట్టుకోండి. అంటే ఆరున్నరకి కాస్త తక్కువ వస్తుంది.

ఇంకో మేలు కూడా ఉంది. షవర్ తిప్పగానే పలచటి కర్టెన్ లోపలికి వచ్చి కాళ్ళకి చుట్టుకుంటుంది కదా, అది ఎందుకో కనిపెట్టడానికి శాస్త్రవేత్తలు కూడా కుస్తీ పట్టారు. వేడిగాలి పైకి లేవడం వల్ల అనుకునేవారు, కానీ చన్నీళ్ళకి కూడా వస్తుంది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ష్మిట్ అనే ఆయన కంప్యూటర్‌లో లెక్కకట్టి, నీటి తుంపర లోపలి గాలిని సుడిలాగా తిప్పుతుందనీ, ఆ సుడి మధ్యలో పీడనం తగ్గి కర్టెన్‌ని లాగుతుందనీ చెప్పాడు. అందుకు 2001లో భౌతికశాస్త్రంలో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి అది. అదీ పాక్షిక వివరణకే. అతుకుల కర్టెన్ బరువుకి ఆ సుడి పెద్దగా పనిచెయ్యదు. ఇంకా వస్తోందంటే కింది మడతలో స్టెయిన్‌లెస్ స్టీల్ గొలుసు దూర్చండి. మామూలు ఇనుము వద్దు, తుప్పు మరక పోదు.

ఎన్నాళ్ళు ఆగుతుందన్నది మీరు దాన్ని ఎలా ఆరబెడతారన్న దాని మీద ఉంటుంది. స్నానం అయ్యాక చాలామంది కర్టెన్‌ని ఒక మూలకి తోసేస్తారు. ముడతల్లో తడి ఉండిపోతుంది. పూర్తిగా చాచి వదిలెయ్యాలి. అంచుల్లో గులాబీ రంగు జిగురు కనబడితే నీళ్ళలో తుప్పు అని నీళ్ళని తిట్టకండి. అది చాలాసార్లు సెరేషియా మార్సెసెన్స్ అనే బ్యాక్టీరియా, సబ్బు, షాంపూ మడ్డి తిని బతుకుతుంది. కనిపించగానే తీసి ఉతికితే పోతుంది. నల్ల చుక్కలు బూజువి, అవి ఒకసారి గుడ్డలోకి దిగితే మొండికేస్తాయి.

మా కర్టెన్‌లో అన్నిటికంటే ఆలస్యంగా ఆరేది ఆ జీన్స్ ముక్కే. మిగతాదంతా పొడిగా అయిపోయాక కూడా పట్టుకుంటే చెమ్మగా ఉంటుంది. మీరూ జీన్స్ కలిపేటట్టయితే కింది వరసలో వెయ్యకండి, నీళ్ళన్నీ దిగి అక్కడే చేరతాయి. పై వరసలో, గాలి తగిలే వైపు వెయ్యండి.