స్తోత్రం అంటున్నాను, ఇంటికొచ్చి పిల్లాడి మీద అరుస్తున్నాను

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకు చెబుతాను. పోయిన ఏడాది అమ్మ ప్రభువునందు నిద్రించింది. ఐసీయూలో ఉన్న పదకొండు రోజులూ నేనే ఉన్నాను. అన్నయ్య చివరి రోజు వచ్చాడు. "అమ్మ మహిమలో ఉంది, ఏడవకూడదు" అంటారందరూ. స్తోత్రం అని నవ్వుతాను. ఇంటికొస్తే ప్రతిదానికీ కోపం. మొన్న మా ఎనిమిదేళ్ల బాబు పప్పు గిన్నె ఒలకబోస్తే చెంప మీద కొట్టాను. అమ్మ బైబిల్ తెరవలేకపోతున్నాను. దేవుడి మీద కూడా కోపంగా ఉంది. వచ్చే నెల జ్ఞాపకార్థ కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు. నా విశ్వాసంలో లోపం ఉందా?

జవాబు: లేదమ్మా. మీరు ఏడవాల్సిన ఏడుపు ఏడాదిగా ఏడవలేదు, అంతే.

యేసు తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గరికి వెళ్లినప్పుడు ఏం జరిగిందో మీరే పిల్లలకు చెప్పి ఉంటారు. కాసేపట్లో అతన్ని లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా కన్నీళ్లు విడిచాడు. పునరుత్థానం మీద నమ్మకం ఉంటే ఏడుపు రాకూడదనడం ఆ సమాధి ముందు నిలబడే మాట కాదు. "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడవద్దని అపొస్తలుడైన పౌలు రాశాడు. అసలు దుఃఖమే పడొద్దని రాయలేదు. మీకు ఆ మాట చెప్పినవాళ్లది చెడ్డ మనసని నేననను. ఎదుటివాళ్లు ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక చాలామంది అలా అనేస్తారు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద అతని పక్కన నోరు మెదపకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదే. నోరు తెరిచాకే వాళ్ల వల్ల అతనికి కష్టం మొదలైంది.

మీరు మింగిన కోపం ఎక్కడికీ పోలేదు. దేవుడి మీదిదీ, అన్నయ్య మీదిదీ కలిసి పప్పు గిన్నె పక్కన నిలబడ్డ పిల్లాడి చెంప మీద పడింది. తిరిగి మాట అనలేనివాడు వాడొక్కడే కదా. అందుకే ముందు వాడి దగ్గరికి వెళ్లండి. "నిన్ను కొట్టడం నా తప్పు నాన్నా. అమ్మమ్మ గుర్తొచ్చి బాధలో ఉన్నాను. అది నీ వల్ల కాదు" అని చెప్పండి. ఇకమీదట చెయ్యి లేవబోతోందని అనిపించగానే ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి. వరండాలో పది నిమిషాలు నడిచాక లోపలికి వెళ్లండి.

దేవుడి మీది కోపం దేవుడికే చెప్పండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన మొదలవుతుంది. 88వ కీర్తన చివరి వరకూ తేరుకోదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతోనే ఆగిపోతుంది. దాన్నీ బైబిల్లో ఉంచారు. ఒక నోట్‌బుక్ తీసుకుని మీ కీర్తన మీరు రాయండి. ఐసీయూ బయటి కుర్చీ, మందుల చీటీలు, చివరి ఫోన్ కాల్, అన్నీ రాయండి. చివర్లో స్తోత్రం కలపాలని తొందరపడొద్దు. తర్వాత ఒక రోజు అమ్మ బైబిల్ తెరిచి, ఆమె ఏ వాక్యాల కింద గీతలు గీసుకున్నారో చూడండి. అన్నీ సంతోషపు వాక్యాలే ఉంటాయని నేననుకోను.

అన్నయ్య విషయానికి వస్తే, "కోపపడుడి గాని పాపము చేయకుడి" అనే మాటలో కోపానికి చోటుంది, దాచుకోవడానికే లేదు. తప్పు చేసిన సహోదరుడితో ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడమన్నాడు యేసు. కాబట్టి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వద్దు, కూడిక రోజు బంధువుల ముందు అసలే వద్దు. ముందుగానే ఒక పగటిపూట వెళ్లి, వదిన, పిల్లలు లేనప్పుడు కూర్చోండి. "నువ్వెప్పుడూ ఇంతే" అంటే అక్కడితో మాటలు ఆగిపోతాయి. "ఆ పదకొండు రోజులు నేనొక్కదాన్నే ఉన్నాను అన్నయ్యా, చాలా భయపడ్డాను, నువ్వు రాలేదు" అనండి. ఆయన క్షమాపణ అడగకపోవచ్చు. అయినా ఆ మాట చేరాల్సిన చోటికి చేరుతుంది.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నిద్ర, తిండి రెండు వారాలకు మించి సరిగా లేకపోయినా, పిల్లాడి మీద మళ్లీ చెయ్యి లేచినా డాక్టర్ని కలవండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. 14416కి ఫోన్ చేయండి. అది మానసిక సహాయం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చనిపోతానన్న ఏలీయా ప్రవక్తను దేవదూత తిట్టలేదు. పడుకోనిచ్చి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు.

ఇక సాక్ష్యం. వద్దనిపిస్తే పాస్టర్ గారికి ఇప్పుడే చెప్పేయండి. చెప్పాలనిపిస్తే అమ్మ గురించి ఒక్క సంగతి చెప్పండి, ఆమె లేక ఇల్లు ఎలా ఉందో చెప్పండి. ఏడుపొస్తే రానివ్వండి. మైకు పక్కవాళ్లకిచ్చి వచ్చి కూర్చోండి. పాట వాళ్లందుకుంటారు.