బండికి మోటారు వెతికే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తోటలో మట్టి, ఎరువు బస్తాలు మోసే బండిని నీ చేతులతో నువ్వే కట్టుకోవాలనుకోవడం నాకెంతో సంతోషం కలిగించింది. వెయ్యి వాట్ల డీసీ మోటారు తక్కువ ఖర్చులో ఎక్కడ దొరుకుతుందని అడిగావు గాని, నీ బండికి వెయ్యి వాట్లు కావాలని ఎలా తేల్చావో రాయలేదు. ఖర్చు పెరగడం మొదలయ్యేది అక్కడే కనుక ముందు ఆ లెక్క చూద్దాం.

బండీ బరువూ కలిపి 150 కిలోలనీ, ఎక్కవలసిన దారి ప్రతి పది మీటర్లకూ ఒక మీటరు లేస్తుందనీ, పక్కన మనిషి నడిచే వేగం, అంటే సెకనుకు ఒక మీటరు, చాలనీ అనుకుందాం. ఆ వాలు మీద బండిని వెనక్కి లాగే బలం సుమారు 147 న్యూటన్లు ఉంటుంది. గట్టిపడిన నేల మీద చక్రాలు దొర్లడానికి మరో 45 కలుపుకుంటే మొత్తం 190 దాకా వస్తుంది. వేగం సెకనుకు ఒక మీటరే కాబట్టి చక్రం దగ్గర కావలసిన శక్తి కూడా 190 వాట్లే. గేర్లలో, గొలుసులో మూడో వంతు పోయినా మోటారు షాఫ్టు దగ్గర 300 వాట్లు ఉంటే పని జరుగుతుంది. చక్రం వ్యాసం 30 సెంటీమీటర్లయితే అది నిమిషానికి 64 సార్లు తిరగాలి, దానికి 28 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, కావాలి. నిమిషానికి 2,700 సార్లు తిరిగే మోటారు పెడితే మధ్యలో వేగాన్ని 42 రెట్లు తగ్గించాలన్నమాట. వాట్లు, చక్రం వేగం, టార్క్ అనే ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసుకున్న తర్వాతే వెతకడం మొదలుపెట్టు. అవి లేకుండా వెతికినవాడికి ప్రతి మోటారూ చవకగానే కనిపిస్తుంది.

మోటారు మీద అచ్చువేసిన వాట్లను వెంటనే నమ్మవద్దు. చాలా ఏళ్ల కిందట నేను వెయ్యి వాట్లని రాసి ఉన్న మోటారు ఒకటి, అరచేతిలో పట్టేంత చిన్నది, కొని నీళ్ల పంపుకు బిగించాను. పది నిమిషాలు బాగా తిరిగింది, తర్వాత వైండింగు, అంటే లోపలి రాగి తీగ చుట్ల, వార్నిష్ కాలిన ఘాటు వాసన వచ్చింది, ఆపేసరికే ఆర్మేచర్, అంటే ఆ చుట్లతో లోపల తిరిగే భాగం, నల్లబడిపోయింది. ఆ వెయ్యి వాట్లూ కొన్ని సెకన్ల పాటు లాగగలిగే గరిష్ఠ శక్తి మాత్రమేనని నాకు అప్పుడు తెలిసింది. మంచి మోటారు పలక మీద వోల్టులు, ఆంపియర్లు, నిమిషానికి ఎన్ని చుట్లు అన్నవి ఉంటాయి. చాలా వాటిలో ఎస్1 లేదా ఎస్2 అనే గుర్తు కూడా ఉంటుంది. ఎస్1 అంటే ఎంతసేపైనా ఆ భారంతో తిరగగలదని, ఎస్2 అంటే పక్కన రాసిన నిమిషాల వరకే తిరగగలదని అర్థం. పలక లేని చోట బరువు చూడు. వేడిని భరించేది రాగి, ఇనుమే కాబట్టి తేలికపాటి బ్రష్ మోటారు, అంటే కార్బన్ ముక్కలు ఆని ఆర్మేచర్‌కు కరెంటు అందించే రకం, ఎక్కువసేపు ఎక్కువ శక్తి ఇవ్వజాలదు.

ఇక ఎక్కడ దొరుకుతాయన్నది. శక్తిగల మోటారు చవకగా దొరికేది వేరే యంత్రం కోసం లక్షల సంఖ్యలో తయారై, ఆ యంత్రంలో ఇంకేదో చెడిపోయినందువల్ల పక్కన పడేసినప్పుడే. అందువల్ల మోటారు కోసం కాకుండా మోటారు ఉన్న పాత యంత్రం కోసం అడుగు.

కారు వైపర్ మోటారు గేరుతో సహా వస్తుంది, బలంగా, నెమ్మదిగా తిరుగుతుంది, కాని 300 వాట్ల పని దాని వల్ల కాదు. పైగా చాలా వాటిలో ఒక వైరు మోటారు ఒంటికే కలిసి ఉంటుంది. స్టార్టర్ మోటారు బలం చూసి ఆశపడవద్దు, అది కొన్ని సెకన్ల పనికి కట్టినది. అందులో సిరీస్ వైండింగు రకాన్ని, అంటే అయస్కాంతాలకు బదులు తీగ చుట్లు ఆర్మేచర్‌తో వరసగా కలిసి ఉన్నదాన్ని, భారం లేకుండా తిప్పితే వేగం అదుపు తప్పి ఆర్మేచర్ చెదిరిపోయే ప్రమాదం కూడా ఉంది. హోవర్‌బోర్డు చక్రాల్లో మంచి మోటార్లే ఉంటాయి, కాని అవి బ్రష్‌లెస్, అంటే బ్రష్‌లు లేనివి, కనుక వాటికి తగిన కంట్రోలర్, అంటే మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పరికరం, కావాలి. మొదటి బండికే ఆ చిక్కు పెట్టుకోవద్దని నా అభిప్రాయం.

ట్రెడ్‌మిల్ మోటారు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దాని వెంటే పడతారు. అది శాశ్వత అయస్కాంతాల డీసీ మోటారు, ఎక్కువగా 90 నుంచి 180 వోల్టుల మధ్య పనిచేస్తుంది. 130 వోల్టులకు 6,000 చుట్లు తిరిగేది 24 వోల్టుల బ్యాటరీ మీద సుమారు 1,100 చుట్లే తిరుగుతుంది. ఒక్కో ఆంపియరుకు ఇచ్చే టార్క్ మాత్రం మారదు. నెమ్మదిగా తిరగడం నీకు మేలే గాని శక్తి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందని మరువకు. చాలా వాటిలో ఫ్లైవీల్‌ను, అంటే షాఫ్టు మీది బరువు చక్రాన్ని, ఎడమ మరతో, అంటే మామూలుకు ఎదురు దిశలో బిగిసే మరతో, బిగిస్తారు, రివర్సులో తిప్పితే అది ఊడి రావచ్చు. దానితో వచ్చే కంట్రోల్ బోర్డును మాత్రం ముట్టుకోవద్దు. ఇంటి కరెంటును నేరుగా డీసీగా మార్చే ఆ రకం బోర్డుల్లో ప్రతి తీగా మెయిన్స్‌తో కలిసి ఉన్నట్టే, ప్రాణం తీయగలదు.

నీ లెక్కకు సరిగ్గా అతికేది కరెంటు వీల్‌చైర్ మోటారు. 24 వోల్టులది, గేర్‌బాక్సుతో వస్తుంది, కుడి ఎడమలకు జతగా దొరుకుతుంది, మనిషిని నడక వేగంతో వాలు ఎక్కించడానికే కట్టినది. దాని వెనక విద్యుదయస్కాంత బ్రేకు ఉంటుంది. కరెంటు అందకపోతే షాఫ్టు బిగుసుకుపోతుంది కనుక, తిరగడం లేదని చెడిపోయిందనుకొని వదిలేయవద్దు. మీటను పక్కకు తిప్పి బ్రేకు వదులు చేసి చూడు.

చేతికి వచ్చిన మోటారును అక్కడికక్కడే పరీక్షించవచ్చు. బ్రేకు వదులు చేసి షాఫ్టును, లేదా మోటారు వెనక కొసను, చేత్తో తిప్పు. గరగరమంటే, పక్కలకు ఊగితే బేరింగులు పోయాయి, అవి మార్చుకోదగ్గవే. తర్వాత రెండు వైర్లనూ ఒకదానికొకటి కలిపి పట్టుకొని మళ్లీ తిప్పు. ఈసారి తేనెలో తిప్పుతున్నట్టు బరువుగా కదలాలి. ఏమీ తేడా లేకపోతే బ్రష్‌లు ఆనడం లేదు, లేదా వైండింగు తెగింది. బ్రష్ మూత విప్పి కమ్యుటేటర్, అంటే బ్రష్‌లు ఆనే రాగి పట్టీల వలయం, చూడు. అది పలచని చాక్లెట్ రంగులో నున్నగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒకటి రెండు పట్టీలు మాత్రం నల్లగా కాలి ఉంటే ఆర్మేచర్‌లో తీగ తెగినట్టే, ఉచితంగా ఇచ్చినా తీసుకోకు. కమ్యుటేటర్ నుంచి మోటారు ఒంటికి మల్టీమీటరులో ఏ కదలికా ఉండకూడదు.

ఇంటికి తెచ్చాక వైండింగు నిరోధం కొలువు. ఒక ఓమ్ లోపు నిరోధాన్ని మామూలు మల్టీమీటరు సరిగ్గా చూపదు కనుక, 12 వోల్టుల బ్యాటరీకి కారు హెడ్‌లైట్ బల్బునూ మోటారునూ వరసగా కలిపి, షాఫ్టును గట్టిగా పట్టి ఆపి, ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో, మోటారు కొసల మధ్య ఎన్ని వోల్టులున్నాయో చూడు. 4 ఆంపియర్లకు 1.2 వోల్టులు వస్తే నిరోధం 0.3 ఓమ్. అంటే 24 వోల్టుల మీద బండి రాయికి తగిలి ఆగిపోయినప్పుడు ఆ మోటారు 80 ఆంపియర్లు లాగుతుంది. కంట్రోలర్, వైర్లు, స్విచ్ అన్నీ ఈ అంకెను బట్టే ఎంచుకోవాలి, మామూలుగా నడిచేటప్పుడు లాగే కరెంటును బట్టి కాదు. కరెంటుకు పరిమితి పెట్టుకునే వీలున్న కంట్రోలర్ తీసుకో. ఫ్యూజును బ్యాటరీ కొసకు వీలైనంత దగ్గర బిగించు. మోటారు మీద మిగిల్చిన డబ్బును ఇక్కడ ఖర్చుపెట్టడానికి వెనకాడకు, ఎందుకంటే చవక కంట్రోలర్ చెడినప్పుడు చాలాసార్లు పూర్తి వేగం ఇచ్చి ఆగకుండా పోతుంది. అందుకే చేతికి అందే చోట బ్యాటరీని పూర్తిగా విడదీసే స్విచ్ కూడా ఉండాలి.

మొదటిసారి చక్రాలను నేల నుంచి లేపి పెట్టి తిప్పు. తర్వాత సగం బరువుతో వాలు ఎక్కించి, పది నిమిషాల తర్వాత మోటారు ఒంటి మీద చెయ్యి ఆనించి చూడు. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడెక్కితే గేరు నిష్పత్తి పెంచాలి.

నీ చక్రాల అసలు వ్యాసం, వాలు ఎంతో కొలిచి రాయి. దాన్నిబట్టి పళ్ల చక్రాల లెక్క వేసి పంపుతాను.

నీ పెదనాన్న