లాత్వియన్‌లో నొక్కి చెప్పడానికి మరో కీబోర్డు యాప్ ఎందుకు?

ప్రశ్న: లాత్వియా రాజధాని రీగాలో ఎం.ఎస్. చదువుతున్నాను. ఇంటి యజమానికి, విశ్వవిద్యాలయ కార్యాలయానికి లాత్వియన్‌లో మెయిళ్లు రాయవలసి వస్తోంది. ముఖ్యమైన మాటను నొక్కి చెప్పడానికి అక్షరాల మీద గీతలు పెట్టాలా, పెద్ద అక్షరాలు (క్యాపిటల్స్) వాడాలా? బోల్డ్ అక్షరాలు ఇచ్చే కీబోర్డు యాప్‌ను స్నేహితుడు సూచించాడు. వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవద్దు. కారణం తర్వాత చెబుతాను. ముందుగా ఆ గీతల సంగతి తేల్చాలి, ఎందుకంటే అక్కడ చదువుకుంటున్న మనవాళ్ల నుంచి ఇదే సందేహం పదేపదే వస్తోంది. లాత్వియన్ అచ్చుల మీది అడ్డుగీత ఒత్తి పలకమని చెప్పే గుర్తు కాదు, అది మన దీర్ఘం వంటిది. 'కజస్' అంటే మేకలు, 'కాజస్' అంటే పెళ్లి. పదం చివర దీర్ఘం చేరితే విభక్తి కూడా మారవచ్చు: 'రీగ' నగరం పేరు, 'రీగా' అంటే ఆ నగరంలో అని అర్థం. మీరు రాసిన 'రీగాలో' అన్న మాటలో, వాళ్ల లెక్కన, రెండు 'లో'లు ఉన్నాయి!

పెద్దదాన్ని 'పేద్దది' అని సాగదీసే మన అలవాటును అందుకే అక్కడ కట్టిపెట్టాలి. లాత్వియన్‌లో ఊనిక, అంటే ఒత్తి పలకడం, దాదాపు ఎప్పుడూ మొదటి అక్షరం మీదే పడుతుంది; 'లబ్‌దియెన్', 'పల్‌దియెస్' వంటి కొన్ని పలకరింపు, ధన్యవాదాల మాటల్లో మాత్రం రెండో దాని మీద పడుతుంది. నొక్కదలచిన మాటలో ఊనిక ఉన్నచోటే గొంతు పెంచండి, హ్రస్వాన్ని మాత్రం హ్రస్వంగానే ఉంచండి. పదాల వరుస మార్చడం ఇంకా మంచి పద్ధతి. 'ఎస్ నువొపిర్కు గ్రామతు' అంటే నేను పుస్తకం కొన్నాను అని. 'గ్రామతు నువొపిర్కు ఎస్' అంటే పుస్తకం కొన్నది నేను అని. పదం ముందు 'తియెషి' చేరిస్తే 'ఈరోజే', 'నువ్వే' అన్నప్పుడు మన 'ఏ' చేసే పనిని అది చేస్తుంది. 'తెలియడం తెలుసు, కానీ' అన్నట్టే వాళ్లూ 'జినాత్ జిను, బెత్' అంటారు.

రాతలో పెద్ద అక్షరాల జోలికి పోవద్దు. లేఖల్లో గౌరవం కోసం 'యూస్', అంటే 'మీరు', అన్న మాటను పెద్ద అక్షరంతో మొదలుపెట్టడం అక్కడి మర్యాద. వాక్యమంతా పెద్ద అక్షరాల్లో ఉంటే ఆ మర్యాద కనబడదు, అరుపే వినబడుతుంది. మెయిల్‌లో బోల్డ్ మీట ఉంది. వాట్సాప్‌లో మాటకు రెండువైపులా నక్షత్రం గుర్తు పెడితే చాలు.

ఇక ఆ యాప్ సంగతి. ఇటువంటివి ఇచ్చే 'బోల్డ్' అక్షరాలు నిజానికి మామూలు అక్షరాలు కావు. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే ఉమ్మడి పట్టికలో, గణితం కోసం కేటాయించిన గుర్తులు. వాటిలో అడ్డుగీత ఉన్న అచ్చులు లేవు కనుక 'లూద్జు' (దయచేసి) అని రాస్తే మిగతావన్నీ లావెక్కి, దీర్ఘం ఉన్న అచ్చు ఒక్కటే పళ్లూడిన దువ్వెనలా సన్నగా మిగిలిపోవచ్చు. మామూలు వెతుకులాటకు ఆ మాట చాలాచోట్ల దొరకదు, చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్ చాలాసార్లు దాన్ని సరిగా చదవలేదు.

అంతకంటే నన్ను కలవరపెట్టేది భద్రత. మీరు టైపు చేసే ప్రతి మీటా కీబోర్డు చేతుల మీదుగానే వెళుతుంది: పాస్‌పోర్టు సంఖ్య, లాత్వియా ఇచ్చిన వ్యక్తిగత కోడ్, అద్దె ఒప్పందం వివరాలు, చాలా సందర్భాల్లో పాస్‌వర్డులు కూడా. ఇవన్నీ సేకరించే వీలుందని కొత్త కీబోర్డును ఆన్ చేసేటప్పుడే ఫోన్ హెచ్చరిస్తుంది, మనం చదవకుండా 'ఓకే' నొక్కేస్తాం. అక్షరాలను లావు చేయడానికి ఒక యాప్‌కు ఇంటర్నెట్ ఎందుకు కావాలో ఒక్కరూ అడగరు. ఇప్పటికే వేసుకుని ఉంటే వెంటనే తొలగించి, ఫోన్‌తో వచ్చిన కీబోర్డుతో పాస్‌వర్డులన్నీ మార్చండి. మెయిల్‌తో మొదలుపెట్టండి, మిగతా ఖాతాల తాళాలు చాలావరకు దాని చేతిలోనే ఉంటాయి. లేఖ మొత్తాన్ని తీసుకెళ్లి ఏదో 'ఫ్యాన్సీ ఫాంట్' వెబ్‌సైట్‌లో అతికించడం కూడా ప్రమాదమే.

నిజానికి మీకు కావలసినది చాలా ఫోన్లలో ముందే ఉంది. భాషల సెట్టింగ్స్‌లో లాత్వియన్ చేర్చి, అచ్చును కాసేపు నొక్కి పట్టుకుంటే గీత ఉన్న రూపం పైకి వస్తుంది. విండోస్‌లో లాత్వియన్ క్వెర్టీ కీబోర్డు ఎంచుకుని, ముందు అపాస్ట్రఫీ, ఆ తర్వాత అచ్చు నొక్కాలి. ఈ మాత్రం సౌకర్యాన్ని సెట్టింగ్స్ అడుగున దాచిపెట్టడం వల్లే జనం దిక్కుమాలిన యాప్‌ల వెంట పడుతున్నారు. ఒకప్పుడు ఎస్సెమ్మెస్‌లో గీత ఉన్న అచ్చు ఒక్కటి చేరినా 160 అక్షరాల చోటు 70కి పడిపోయేది కాబట్టి గీతలు వదిలేయడాన్ని అర్థం చేసుకోవచ్చు. తెలుగు సందేశాలకూ అదే గతి పట్టింది. ఈనాటికీ పేరులో గీత కనబడగానే ప్రశ్నార్థకం చూపించే దరఖాస్తు ఫారాలకు మాత్రం ఏ సాకూ లేదు.

యజమానికి రాసే మెయిల్‌లో గడువు తేదీని వాక్యం చివరకు తెచ్చి, దాన్ని ఒక్కదాన్నే బోల్డ్ చేయండి. పంపే ముందు దీర్ఘాలన్నీ మరోసారి సరిచూసుకోండి.