మొదటి పుస్తకం ఎవరిది?

ప్రశ్న: ఈ ఏడాది మా హైస్కూలు లైబ్రరీ బాధ్యత నాకు అప్పగించారు. నేను సైన్సు చెబుతాను, లైబ్రరీ కోర్సు చేయలేదు. వారానికో పీరియడ్ పిల్లలు వచ్చి, చేతికందింది తిరగేసి, గంట కొట్టగానే లేచిపోతారు. ఇక్కడ వాళ్లు రాయాలి, బొమ్మలు వేయాలి, ఏదైనా తయారుచేయాలి అని నా కోరిక. గోల అవుతుందనీ, పుస్తకాలు పాడవుతాయనీ హెడ్‌మాస్టరు గారి భయం. చేతిలో డబ్బు లేదు. ఎక్కడ మొదలుపెట్టను?
— ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, బడి లైబ్రరీలోనే ఉద్యోగమంతా చేసి రిటైరైనదాన్ని. మొదట్లో నేనూ మీ హెడ్‌మాస్టరు గారి పక్షమే. బీరువాలకు తాళాలేసి, ఏడాది చివర స్టాక్ వెరిఫికేషన్‌లో ఒక్క పుస్తకమూ తగ్గకపోతే పొంగిపోయేదాన్ని. ఓసారి ఆరో తరగతి పిల్ల లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకున్న కథ తెచ్చి, "ఇది కూడా బీరువాలో పెడతారా మేడమ్?" అని అడిగింది. రిజిస్టర్లో లేనివి పెట్టకూడదమ్మా అన్నాను. ఆ పిల్ల మళ్లీ ఏదీ తేలేదు. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధే.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి బాట వేసిన రంగనాథన్ గారు 1931లో అచ్చువేసిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో చివరిది, గ్రంథాలయం పెరిగే ప్రాణి అని. ట్రైనింగులో వల్లెవేశాను. పెరగడమంటే కొత్త పుస్తకాలు కొనడమే అనుకున్నాను, పిల్లలు రాసినవి చేరినా పెరుగుతుందని తట్టలేదు.

అందుకే రంగుల గోడలూ కంప్యూటర్లూ తర్వాత చూద్దాం. ముందు పిల్లల పుస్తకాలకంటూ ఒక రిజిస్టరు తెరవండి. లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఎక్కించే అక్సెషన్ రిజిస్టర్లాగే వరుస నంబరు, తేదీ, రచయిత పేరు, పుస్తకం పేరు, పేజీలు. బడి ముద్ర వేయండి, వెనక తేదీల చీటీ అంటించండి, అరలో పెట్టండి, అడిగినవాళ్లకు ఇంటికివ్వండి. తన పుస్తకం చీటీ మీద ఎన్ని తేదీలు పడ్డాయో లెక్కపెట్టుకోవడానికి రోజూ వచ్చే పిల్లల్ని తర్వాతి ఏళ్లలో చాలామందినే చూశాను.

పుస్తకానికి ఒక్క ఏ4 కాగితం చాలు. మూడుసార్లు సగానికి మడిచి విప్పితే 8 గళ్లు వస్తాయి. పొడుగు సగమయ్యేలా ఒకసారి మడిచి, మడత వైపు నుంచి గీతలు కలిసే నడిమధ్య దాకా ఒకే ఒక్క కత్తిరింపు. విప్పి, ఈసారి వెడల్పు సగమయ్యేలా మడిచి, రెండు కొసలూ పట్టుకుని లోపలికి నెడితే మధ్యలో తెరుచుకుంటుంది. దాన్ని చుట్టూ మడిస్తే 8 పేజీల పుస్తకం. అట్టలు రెండూ పోను కథకు 6 పేజీలు. రాయడమంటే బెదిరే పిల్లలకు కూడా ఇది భయం పుట్టించదు.

"మీకు నచ్చింది రాయండి" అని మాత్రం అనకండి. తెల్లకాగితం చూస్తే పెద్దవాళ్లమే బిగుసుకుపోతాం. వారానికో మాట ఎంచుకోండి. గాలి అనుకుందాం. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చి అరల్లో సర్దే డ్యూయీ పద్ధతిలో వాతావరణం 551 దగ్గర, పక్షులు 598, జానపద కథలు 398. అరల్లో ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. ఒక్కోదాంట్లోంచి మూడేసి పుస్తకాలు తెచ్చి ఒకే బల్ల మీద అట్టలు కనబడేలా నిలబెట్టండి. గద్ద రెక్కలాడించకుండా పైకి లేచే వేడిగాలి మీద తేలుతుందని చదివిన పిల్లవాడి కథలో, రాకుమారుణ్ణి మోసే గద్ద కూడా ఎండెక్కాకే బయల్దేరుతుంది. సైన్సు టీచరు కదా, ఈ పని మీకే బాగా కుదురుతుంది.

గోల సంగతి. హెడ్‌మాస్టరు గారి భయాన్ని తీసిపారేయకండి, చదువుకునే పిల్లకు నిశ్శబ్దం కావాలి. తయారుచేసే బల్ల తలుపు దగ్గర, చదివే చోటు దూరపు మూలన, మధ్యలో పుస్తకాలు నిండిన బీరువా అడ్డం. రంగులూ నీళ్లూ జిగురూ ఆ బల్ల దాటకూడదు. పిండిజిగురు కోసం పురుగు చేరుతుంది కూడా.

ఇంకొక్కటి, ఇది గట్టిగా చెబుతున్నాను. మార్కులు వేయొద్దు, ఎర్రసిరా ముట్టుకోవద్దు. బాగా రాసినవాళ్లవే అరలోకి ఎక్కిస్తే మిగతావాళ్లు ఆ బల్ల దగ్గరికే రారు. తోటి పిల్లల్ని ఎగతాళి చేసేది తప్ప, పెట్టమని ఇచ్చిన ప్రతిదీ పెట్టండి.

కాగితాలు, మొన మొండిగా ఉన్న కత్తెర, కొత్త రిజిస్టరు. వచ్చే పీరియడ్‌కి ఇవి చాలు. ఒకటో నంబరు ఎవరి పుస్తకానికి పడిందో నాకు తప్పక రాయండి.