కడుపులో మంట, ఊరికే కోపం

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా నాయనకు 61 ఏళ్లు, షుగర్ ఉంది. చాన్నాళ్లుగా కడుపులో మంట. రెండు ముద్దల సంగటి తినగానే నిండిపోయిందంటాడు. ఏళ్లుగా రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకుంటాడు, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి బిళ్లలు తెచ్చుకుంటాడు. మాంసం, గుడ్లు ఎప్పుడో మానేశాడు. ఈమధ్య మనిషే మారిపోయాడు. ఊరికే కసురుకుంటాడు, శెనక్కాయలు అమ్మిన డబ్బు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి మా అమ్మే తీసిందని గొడవ. గాలి సోకిందని కొందరు, వయసని కొందరు అంటున్నారు. కడుపు జబ్బుకూ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: ఉండొచ్చమ్మా. మీ ఉత్తరం చదవగానే నాకు తట్టింది బి12 విటమిన్. అది దొరికేది ముఖ్యంగా మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే. తిన్నది ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి, కడుపు లోపలి పొరలో తయారయ్యే ఒక ప్రోటీన్ కూడా కావాలి, ఆ పొర వాచి దెబ్బతింటే రెండూ తగ్గిపోతాయి. ఏళ్ల తరబడి వాడే గ్యాస్ మాత్రలు ఆమ్లాన్ని ఇంకా తగ్గిస్తాయి, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ను తగ్గిస్తుంది, మీ నాయన వేసుకునేది అదేనేమో చూడండి. బి12 బాగా పడిపోతే మతిమరుపు, చిరాకు, దిగులు, అనుమానం, అన్నీ రావచ్చు. అరికాళ్లలో తిమ్మిర్లు, చీకట్లో నడిస్తే తూలడం ఉన్నాయా అని అడగండి. అవి షుగర్ తిమ్మిర్లేలే అని చాలామంది వదిలేస్తారు, అదే నాకు బాధ. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా బి12 తక్కువ ఉండొచ్చు, అందుకే ఆ పరీక్ష విడిగా అడిగి చేయించండి. లోపం తేలితే ఇంజెక్షన్లు ఇస్తారు, ఆలస్యమైతే మాత్రం నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

ఇంకోటి. తిండి తగ్గినా షుగర్ మాత్ర అదే మోతాదులో వేసుకుంటుంటే, కొన్ని రకాల మాత్రలతో షుగర్ పడిపోయి మనిషి కసురుకుంటాడు, తికమకపడతాడు. ఆయన గొడవపడే సమయంలోనే గ్లూకోమీటర్‌తో చూడండి.

మంటకు కారణం ఆ నొప్పి బిళ్లలే కావచ్చు, డైక్లోఫెనాక్ లాంటివి కడుపు పొరను తినేస్తాయి, సొంతంగా కొనడం ఆపించండి. హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కూడా కావచ్చు, దాన్ని కనిపెట్టినందుకే మార్షల్, వారెన్ అనే ఆస్ట్రేలియా డాక్టర్లకు 2005లో నోబెల్ వచ్చింది. యాంటీబయాటిక్స్‌తో పోతుంది. ఈ వయసులో కొంచెం తినగానే నిండిపోతోందంటే ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి సన్నటి గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష, వాయిదా వేయొద్దు. మద్యం అలవాటుంటే డాక్టరు దగ్గర దాచకండి, లివర్ చెడినా కడుపు ఉబ్బి, పగలు నిద్ర, రాత్రి మెలకువ, పొంతన లేని మాటలు వస్తాయి. అలాంటప్పుడు నిద్రమాత్రలు ఇస్తే ప్రమాదం.

అమ్మకు చెప్పండి, ఆ మాటలు జబ్బువి కావచ్చు, మనసుకు పట్టించుకోవద్దని. వేసుకునే మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకుని ఈ వారమే ఫిజీషియన్‌కు చూపించండి. తారులాంటి నల్లటి విరేచనం, నెత్తుటి వాంతి, లేపినా సరిగా లేవని మత్తు, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.